ఇరవై అయిదు మిల్లీగ్రాములు

1984 మార్చి 4, ఆదివారం. రాత్రి పదకొండున్నర కావస్తోంది. మన్‌హాటన్‌లోని న్యూయార్క్ హాస్పిటల్ ఎమర్జెన్సీ విభాగానికి ఓ దంపతులు తమ పద్దెనిమిదేళ్ల కూతుర్ని తీసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది. జ్వరం 103 డిగ్రీల దగ్గరుంది. కాళ్లూ చేతులూ ఉండుండి వాటంతటవే ఎగిరిపడుతున్నాయి. కాసేపు చెప్పినట్టు వింటోంది, అంతలోనే మంచం మీద నిలవలేక అటూ ఇటూ దొర్లుతోంది.

అమ్మాయి పేరు లిబ్బీ జయన్. వెర్మాంట్ రాష్ట్రంలోని బెనింగ్టన్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతోంది. తండ్రి సిడ్నీ జయన్ న్యూయార్క్‌లో నలుగురికీ తెలిసిన మనిషి. ఒకప్పుడు ప్రభుత్వం తరఫున ఫెడరల్ కోర్టుల్లో వాదించారు, తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లో విలేకరిగా పనిచేశారు. తల్లి ఎల్సా. కొద్ది రోజుల కిందటే లిబ్బీకి పన్ను తీశారు. ఆ వెనకే చెవి పోటు, జ్వరం పట్టుకున్నాయి. ఇంట్లో తగ్గుతుందని చూశారు. ఆ రాత్రి వణుకు చూసి భయమేసి, తమ కుటుంబ వైద్యుడికి ఫోన్ చేసి ఆస్పత్రికి బయల్దేరారు.

ఆస్పత్రికి వచ్చేసరికే ఆమె ఒంట్లో మందులున్నాయి. పంటికీ జ్వరానికీ వాడినవి కొన్ని. వాటికి ముందునుంచీ, మనసు కుంగుబాటుకని సైకియాట్రిస్టు రాసిచ్చిన ఫినెల్జిన్ మాత్రలు. నార్డిల్ పేరుతో అమ్ముతారు. ఆ రాత్రి సంగతంతా ఈ మాత్ర చుట్టూనే తిరుగుతుంది కాబట్టి పాఠకులు ఈ పేరు గుర్తుంచుకోవాలి. ఆమె ఫినెల్జిన్ వాడుతోందన్న సంగతి ఆస్పత్రిలో దాచినది కాదు. కేస్ షీటులోకి ఎక్కింది.

ఎమర్జెన్సీలో చూసిన డాక్టర్లకు జబ్బేమిటో అంతుపట్టలేదు. కుటుంబ వైద్యుడితో ఫోన్లో మాట్లాడారు. సెలైన్ ఎక్కిస్తూ రాత్రంతా కనిపెట్టి ఉందామని అనుకున్నారు. అర్ధరాత్రి దాటాక, రెండు గంటల ప్రాంతంలో ఆమెను పై వార్డుకు మార్చారు. పెద్ద ఆస్పత్రి, పేరున్న ఆస్పత్రి. పిల్ల మంచి చేతుల్లో ఉందన్న ధైర్యంతో తల్లిదండ్రులు ఇంటికి వెళ్లారు.

*

వార్డులో ఆమెను చూసినవాళ్లు ఇద్దరు. ఒకరు ఎం.డి. పట్టా పుచ్చుకుని ఎనిమిది నెలలైన ఇంటర్న్. మన లెక్కలో పీజీ ఫస్టియర్ అనుకోవచ్చు. రెండోవారు ఆ పైసంవత్సరం రెసిడెంట్. వాళ్ల పేర్లు కోర్టు రికార్డుల్లో ఉన్నాయి. ఇక్కడ రాయాలని నాకు అనిపించలేదు. విచారణ జరిపిన గ్రాండ్ జ్యూరీయే చివరికి ఆ ఇద్దరి కంటే ఎక్కువగా వాళ్లను అక్కడ అలా నిలబెట్టిన పద్ధతిని తప్పుపట్టింది. ఆ గదిలో ఎవరెవరు ఏ మాటలు అనుకున్నారో కూడా కల్పించి రాయడం లేదు. విచారణల్లో బయటికి వచ్చినంత మేరకే ఈ గాథ.

ఇద్దరూ లిబ్బీని పరీక్షించారు. ఏదో వైరస్ జ్వరమనీ, ఆ కుదుపుల్లో కొంత భాగం మనసుకు సంబంధించిన ఆందోళన అనీ ఒక అంచనాకు వచ్చారు. వణుకు తగ్గించాలి. అందుకు పెథిడిన్ ఇంజెక్షన్ రాశారు. అమెరికాలో దాని వాడుక పేరు డెమెరాల్. మోతాదు 25 మిల్లీగ్రాములు.

మందుల సంగతి కొంచెం తెలిసినవారెవరైనా ఇక్కడ ఒక క్షణం ఆగుతారు. ఎందుకంటే ఈ మందు విడిగా చూస్తే పిచ్చి ఎంపిక కాదు. పెథిడిన్ వణుకును నిజంగానే ఆపుతుంది. ఆపరేషన్ తర్వాత రోగి గజగజ వణికిపోతుంటే మత్తు డాక్టర్లు ఇచ్చే మందుల్లో అదొకటి. మోతాదు కూడా ఎక్కువేమీ కాదు. నొప్పికి ఇచ్చేటప్పుడు దీనికి రెండు మూడింతలు, అంతకంటే ఎక్కువా ఇస్తారు. చీటీ మీద పేషెంటు పేరు చెరిపేసి ఆ ఒక్క వాక్యాన్ని ఏ పరీక్షలో పెట్టినా మార్కులు పడతాయి. కానీ చీటీ ఎప్పుడూ ఒక మనిషి పేరు మీదే ఉంటుంది. ఈ చీటీ మీద ఉన్నది ఫినెల్జిన్ వాడుతున్న అమ్మాయి పేరు.

*

ఆ మాత్ర పుట్టిన ఊరు కూడా ఒక రకంగా న్యూయార్కే. 1952లో ఆ నగరంలోనే, స్టాటెన్ ఐలండ్‌లోని సీ వ్యూ క్షయ ఆస్పత్రిలో ఐప్రోనియజిడ్ అనే కొత్త టీబీ మందును పరీక్షించారు. చావుకు సిద్ధమై మంచాన పడి ఉన్న రోగులు లేచి కూర్చున్నారు, ఆకలని అడిగారు, వార్డులో నాట్యాలు చేశారు. ఆ ఫొటోలు అప్పటి పత్రికల్లో వచ్చాయి. ఊపిరితిత్తులు బాగుపడినదానికంటే వాళ్లలో కలిగిన ఉత్సాహం ఎక్కువగా ఉందని డాక్టర్లు గమనించారు. కారణం వెతికితే, శరీరంలో మోనోఅమీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును ఆ మందు పనిచేయనివ్వడం లేదని తేలింది. ఈ ఎంజైము చేసే పని సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ లాంటి రసాయనాలను విరిచి పారేయడం. అది ఆగితే అవి నిలవ ఉంటాయి, మనసు తేటపడుతుంది. అలా దొరికాయి కుంగుబాటుకు పనిచేసే తొలి మందులు. ఐప్రోనియజిడ్ లివర్‌ను దెబ్బతీస్తోందని తర్వాత మూలపడింది. దాని బంధువు ఫినెల్జిన్ నిలిచింది.

ఈ కుటుంబం మందులతో చిక్కు ఏమిటంటే, అవి మిగతా మందులతోనే కాదు, కంచంలో ఉన్న తిండితో కూడా తగాదా పెట్టుకుంటాయి. ఆ సంగతి బయటపడిన తీరు నాకు ఎంతో ఇష్టమైన కథ. 1963లో లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రిలో బారీ బ్లాక్‌వెల్ అనే యువ డాక్టరు, ఈ మందులు వాడేవారికి హఠాత్తుగా తల పగిలిపోయే నొప్పి వస్తోందని పత్రికలో రాశాడు. అది చదివి నాటింగ్‌హామ్ నుంచి రో అనే ఆస్పత్రి ఫార్మసిస్టు ఉత్తరం రాశాడు. తన భార్య ఇదే రకం మందు వాడుతోందనీ, చీజ్ తిన్నప్పుడే ఈ నొప్పి వస్తోందనీ, చీజ్‌కూ మందుకూ ఏమైనా సంబంధం ఉందేమో చూడమనీ. మొదట అందరూ నవ్వారు. పరీక్షించి చూస్తే అదే నిజమైంది. పులిసిన చీజ్‌లో టైరమీన్ అనే పదార్థం ఉంటుంది. మామూలు మనిషికి అది పేగుల్లోనే విరిగిపోతుంది. ఈ మాత్రలు మింగేవారిలో విరగకుండా నేరుగా రక్తంలోకి పోయి బీపీని ఆకాశానికి ఎక్కిస్తుంది. పెద్ద పెద్ద కంపెనీలూ ప్రొఫెసర్లూ చూడనిది ఒక ఫార్మసిస్టు తన ఇంటి భోజనాల బల్ల దగ్గర చూశాడు. అతను చేసిందల్లా, ఈ మందు వేసుకున్న ఈ మనిషి ఇంకా ఏం తీసుకుంది అని అడగడం.

పెథిడిన్‌తో ఈ మందుల వైరం కూడా కొత్త సంగతి కాదు. 1960ల నాటికే రెండూ కలిసి ప్రాణం మీదికి తెచ్చిన కేసులు బ్రిటన్ వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. మందుతో వచ్చే హెచ్చరిక పత్రంలో ఉంది. ప్రతి వార్డులో ఉండే మందుల పుస్తకంలో ఉంది. జరిగేది ఇది: ఒక నీళ్ల తొట్టికి రెండు తూములున్నాయనుకోండి. మెదడులో సెరటోనిన్ అనే ఆ తొట్టికి ఒక తూము, దాన్ని విరిచే ఎంజైము. రెండో తూము, వాడిన సెరటోనిన్‌ను నరం మళ్లీ లోపలికి లాక్కోవడం. ఫినెల్జిన్ మొదటి తూమును మూసేసి ఉంటుంది. పెథిడిన్ వచ్చి రెండోదాన్ని మూస్తుంది. తొట్టి పొర్లుతుంది. పొర్లినప్పుడు కనిపించేవి ఇవీ: ఆందోళన, మాట తడబాటు, కండరాల కుదుపులు, కొయ్యబారడం, ఆగకుండా పెరిగే జ్వరం.

ఈ లక్షణాల్లో కొన్ని లిబ్బీకి ఆస్పత్రికి రాకముందే ఉన్నాయి. అంటే ఇంజెక్షన్‌కు ముందే తొట్టి నిండుతోందా, అప్పటికే వాడిన మరో మందు ఏదైనా ఆ పని మొదలెట్టిందా అన్నది ఇప్పటికీ వైద్యులు చర్చించే ప్రశ్న. ఆ చర్చ ఏ వైపు తేలినా, ఆ స్థితిలో ఉన్న మనిషికి ఆ సూది పనికిరాదు.

*

తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో సూది వేశారు.

పై రెసిడెంట్ అప్పటికి పక్క భవనంలో నిద్రకు వెళ్లాడు. అవసరమైతే పేజర్‌కు పలుకుతాడు. అది తప్పు కాదు, అప్పటి పద్ధతే అంత. కింది ఇంటర్న్ మీద లిబ్బీతో పాటు దాదాపు నలభై మంది రోగుల బాధ్యత. ఆ రోజుల్లో అమెరికా ఆస్పత్రుల్లో ఇంటర్న్‌లు ఏకబిగిన ముప్పై ఆరు గంటలు డ్యూటీ చేయడం మామూలు. వారానికి వంద గంటలు దాటేది. అలా చేస్తేనే డాక్టరు గట్టిపడతాడని పెద్దలు నమ్మేవారు.

సూది పడ్డాక లిబ్బీ కుదుటపడలేదు. ఇంకా రేగింది. మంచం దిగబోయింది, గొట్టాలు లాగేసుకోబోయింది. నర్సులు ఇంటర్న్‌కు ఫోన్ చేశారు. పడిపోయి దెబ్బ తగిలించుకుంటుందని, చేతులూ కాళ్లూ మంచానికి కట్టమని ఫోన్లోనే ఆదేశం వచ్చింది. మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి హాలోపెరిడాల్ ఇంజెక్షన్ రాశారు. ఇంటర్న్ వేరే రోగుల పనిలో ఉన్నారు, మంచం దగ్గరికి వచ్చి చూడలేదు. కాసేపటికి అమ్మాయి కదలడం తగ్గింది. నిద్ర పట్టిందనుకున్నారు.

ఇక్కడ నా మనసు ఎప్పుడూ ఆ కట్ల దగ్గరే ఆగుతుంది. కండరాలు వాటంతటవే బిగుసుకుని కుదుపుతుంటే ఒంట్లో వేడి పుడుతుంది. కట్టేస్తే ఆ పెనుగులాటలో ఇంకా పుడుతుంది. హాలోపెరిడాల్ రకం మందులు ఒళ్లు చల్లబరుచుకునే శక్తిని కూడా కొంత మందగింపజేస్తాయి. రోగి అల్లరి చేస్తోందని చూసినవారికి కనిపించింది. లోపల జరుగుతున్నది విషప్రభావం. ఒక మందు వేశాక మనిషి మెరుగుపడాల్సింది పోయి దిగజారితే, మొదట అనుమానించాల్సింది ఆ మందునే. ఆ రాత్రి ఆ అనుమానం ఎవరికీ రాలేదు. ప్రతి కొత్త లక్షణానికీ ఒక కొత్త ఆదేశం పడింది. పాత ఆదేశాన్ని తిరిగి చదివినవారు లేరు.

ఆరు దాటాక నర్సు టెంపరేచర్ చూసింది. 107 డిగ్రీలు. చల్లని తడిగుడ్డలు, ఐసు, పరుగులు. గుండె ఆగింది. తిరిగి కొట్టుకునేలా చేయడానికి చేతనైనంతా చేశారు. కొట్టుకోలేదు. తెల్లవారాక ఆ ఇంటికి ఫోన్ వెళ్లింది. ఆస్పత్రిలో అడుగుపెట్టి ఎనిమిది గంటలు కూడా తిరగలేదు.

*

సిడ్నీ జయన్ లాయరు, పత్రికా రచయిత, అన్నిటికీ మించి తండ్రి. మామూలుగా ఇలాంటి దుఃఖం ఇంట్లోనే మిగిలిపోతుంది. ఆయన దాన్ని వీధిలోకి తెచ్చారు. నా కూతురు జ్వరంతో వెళ్లింది, ఎలా చచ్చిపోయిందో చెప్పండి అని అడగడం మొదలెట్టారు. రాశారు, తిరిగారు, కేసు వేశారు. ఆ రాత్రి తన బిడ్డను చూసినవారు ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నారో, వాళ్లపై ఎవరి పర్యవేక్షణ ఉందో తెలుసుకున్నాక ఆయన కోపం ఇద్దరు పిల్ల డాక్టర్ల మీదినుంచి మొత్తం పద్ధతి మీదికి మళ్లింది. 1986లో మన్‌హాటన్ డిస్ట్రిక్ట్ అటార్నీ రాబర్ట్ మోర్గెంతా ఈ మరణాన్ని గ్రాండ్ జ్యూరీ ముందు పెట్టారు. వైద్యం వికటించిన మరణం అంతదాకా పోవడం చాలా అరుదు.

జ్యూరీ ఎవరి మీదా క్రిమినల్ నేరం మోపలేదు. ఆ ఏడాది చివర ఒక నివేదిక ఇచ్చింది. అనుభవం లేని డాక్టర్లను రాత్రిళ్లు పెద్దవారి పర్యవేక్షణ లేకుండా వదిలేయడం, వాళ్ల చేత విశ్రాంతి లేకుండా పని చేయించడం, రోగుల్ని కట్టేయడంలో సరైన నియమాలు లేకపోవడం, ఇవన్నీ ఎత్తిచూపింది. వాటితో పాటు ఇంకో సూచన చేసింది: ఒకదానితో ఒకటి పడని మందుల్ని పట్టుకోవడానికి ఆస్పత్రుల్లో కంప్యూటర్ ఏర్పాటు ఉండాలని. 1986లో, కంప్యూటర్ అంటే గదంత యంత్రమని చాలామంది అనుకునే కాలంలో, డాక్టర్లు కాని మామూలు పౌరులు కూర్చుని ఈ మాట రాశారు.

తర్వాత రాష్ట్ర ఆరోగ్య శాఖ డాక్టర్ బెర్ట్రాండ్ బెల్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఆయన బ్రాంక్స్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాల ప్రొఫెసర్. ఆ కమిటీ సిఫారసులతో 1989లో న్యూయార్క్ రాష్ట్రంలో నియమం వచ్చింది. రెసిడెంట్లు వారానికి 80 గంటలకు మించి, ఏకబిగిన 24 గంటలకు మించి పనిచేయకూడదు. పెద్ద డాక్టర్లు ఆస్పత్రిలో అందుబాటులో ఉండి తీరాలి. 2003లో 80 గంటల పరిమితి అమెరికా అంతటికీ వచ్చింది. న్యూయార్క్ నియమాన్ని జనం లిబ్బీ చట్టమనే పిలుచుకున్నారు. అమెరికాలో రెసిడెన్సీ చేస్తున్న మన తెలుగు పిల్లలు వందలమంది ఈ నియమం నీడలోనే పనిచేస్తున్నారు. అది ఎవరి చావుతో వచ్చిందో వాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.

సివిల్ కేసు 1994 చివర్లో విచారణకొచ్చింది. టీవీలో ప్రత్యక్షంగా చూపించారు. విచారణల్లో ఒక సంగతి బయటపడింది, నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది అదే. వైద్య విభాగాలకు అధిపతులుగా ఉన్న పెద్ద ప్రొఫెసర్లు కొందరు ప్రమాణం చేసి చెప్పారు: ఫినెల్జిన్, పెథిడిన్ కలిస్తే ప్రమాదమన్న సంగతి ఈ కేసు వచ్చేదాకా తాము వినలేదని. వాళ్లకే తెలియనిది ఎనిమిది నెలల ఇంటర్న్‌కు తెల్లవారుజామున మూడున్నరకు ఎలా తట్టాలి?

1995 ఫిబ్రవరిలో జ్యూరీ తీర్పు ఇచ్చింది. పెథిడిన్ ఇవ్వడమే మరణానికి దారితీసిందనీ, ముగ్గురు డాక్టర్లు బాధ్యులనీ, ఆస్పత్రి బాధ్యత లేదనీ చెప్పింది. కొకైన్ వాడిన సంగతి చెప్పలేదంటూ సగం తప్పు లిబ్బీ మీద కూడా వేసింది. ఆమె కొకైన్ వాడిందా అని చూసిన పరీక్షల మీదే పెద్ద వాదోపవాదాలు నడిచాయి. సిడ్నీ జయన్ ఆ మాటను ఎన్నడూ ఒప్పుకోలేదు. 2009లో ఆయన కన్నుమూశారు.

*

ఈ కథను చెప్పేవాళ్లు చాలామంది గంటల దగ్గరే ఆపేస్తారు. నిద్ర లేని డాక్టరు, చనిపోయిన అమ్మాయి, మారిన చట్టం. గంటలు తగ్గించడం న్యాయమైన పనే. మన దగ్గర పీజీలు పడే పాట్లు చూసినవారెవరూ కాదనరు. అయితే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ ఇంటర్న్ ఎనిమిది గంటలు హాయిగా నిద్రపోయి లేచి వచ్చి ఉంటే పెథిడిన్ రాసేవారు కాదా? ఆ మందుల జంట గురించి తెలియని మనిషి నిద్రపోయినా తెలియని మనిషే. బెల్ కూడా తర్వాతి కాలంలో ఇదే చెప్పారు, గంటల కంటే పర్యవేక్షణే ముఖ్యమని. నా దృష్టిలో ఆ రాత్రి అందరికంటే ఎక్కువగా కావలసిన మనిషి, రాసిన ఆదేశానికీ పొడిచిన సూదికీ మధ్య నిలబడి చీటీని కేస్ షీటు పక్కన పెట్టి చదివేవారు. జబ్బుకు ఈ మందు సరైనదేనా, ఈ మనిషికి సరిపడుతుందా, ఒంట్లో ఇప్పటికే ఉన్నవాటితో పడుతుందా, వేశాక ఏం గమనించాలి, ఎప్పుడు ఆపాలి. ఆ పని చేయడానికి అరగంట అక్కర్లేదు. పుస్తకంలో ఫినెల్జిన్ పేజీ తీస్తే చాలు.

ఆ మనిషి ఉంటే ఏమవుతుందో తర్వాత లెక్కగట్టి చూశారు కూడా. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఐసీయూలో డాక్టర్ లూసియన్ లీప్ బృందం ఒక సీనియర్ ఫార్మసిస్టును రోజూ డాక్టర్లతో పాటు రౌండ్లకు పంపింది. మందులు రాయడంలో పొరపాట్ల వల్ల కలిగే, ఆపదగిన హాని 66 శాతం తగ్గింది. ఆ ఫార్మసిస్టు చేసిన సూచనల్లో దాదాపు అన్నిటినీ డాక్టర్లు ఒప్పుకున్నారు. 1999లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. కంప్యూటర్లు కూడా వచ్చాయి, ఇప్పుడు పడని జంట రాస్తే తెర మీద హెచ్చరిక మెరుస్తుంది. కానీ ప్రతి చిన్నదానికీ మెరిస్తే చదవకుండానే దాన్ని తోసేయడం చేతికి అలవాటవుతుంది. తెర అడ్డు చెప్పిందని ఆగేది తక్కువ. పక్కన నిలబడ్డ మనిషి, డాక్టర్ గారూ, ఈ అమ్మాయి నార్డిల్ మీద ఉంది అంటే ఆగుతారు.

ఫినెల్జిన్ మన దగ్గర పెద్దగా వాడుకలో లేదు, కాబట్టి ఇదంతా పరాయి దేశపు పాత కథ అనుకోవడానికి వీల్లేదు. ఆ కుటుంబంలో పుట్టకపోయినా ఆ గుణం కొంత ఉన్న మందు ఒకటి మన ఆస్పత్రుల్లో రోజూ నడుస్తోంది. అది లినెజోలిడ్, యాంటీబయాటిక్. మొండి ఇన్ఫెక్షన్లకూ, మామూలు మందులకు లొంగని టీబీకీ ఇస్తారు. టీబీకి ఇచ్చేది నెలల తరబడి. అదీ మోనోఅమీన్ ఆక్సిడేజ్‌ను కొంతమేరకు అడ్డుకుంటుంది. ఆ రోగికి నొప్పి అంటే ట్రమడాల్ రాస్తారు, అది పెథిడిన్ లాగే సెరటోనిన్‌ను పెంచే మందు. కుంగుబాటు ఉంటే ఎస్సిటలోప్రాం, ఫ్లూఆక్సెటిన్ ఉంటాయి. పొడి దగ్గుకని మెడికల్ షాపులో తెచ్చుకునే సిరప్‌లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉంటుంది. నలుగురు డాక్టర్లు విడివిడిగా రాసిన నాలుగు చీటీలు, నాలుగూ దేనికది సరైనవే. అవి కలిసేది రోగి కడుపులో. టీబీ జ్వరంతో ఉన్న మనిషికి ఆందోళన, కుదుపులు, చెమటలు మొదలైతే జబ్బు ముదిరిందనే అనుకుంటాం, లిబ్బీ విషయంలో వైరస్ అనుకున్నట్టే.

మన చట్టంలో ఈ కాపలా లేకపోలేదు. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం, మందు ఇచ్చే ముందు ఫార్మసిస్టు చీటీని పరిశీలించి అది రోగికి తగినదేనా, ఒకే మందు రెండుసార్లు పడిందా, ఒకదానితో ఒకటి పడవా, అలర్జీలున్నాయా అని చూడాలి. ఈ పనికే ఆరేళ్ల ఫార్మ్-డి కోర్సు 2008లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఊరూరా కాలేజీలున్నాయి. చదివి బయటికొచ్చిన పిల్లలకు వార్డులో మంచం పక్కన నిలబడే ఉద్యోగం మాత్రం చాలా ఆస్పత్రుల్లో లేదు. మెడికల్ షాపులో కౌంటరు వెనక నిలబడ్డ కుర్రాడు సర్టిఫికెట్ గోడకు వేలాడదీసిన ఫార్మసిస్టు కాకపోవడం మనందరం ఎరిగినదే. డాక్టరు రాశాక ఇంకొకరు చదవడం డాక్టరును అవమానించడమని అనుకునే ఆస్పత్రులు ఇంకా ఉన్నాయి. ఈ ధోరణి మారాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఆ రాత్రి ఆ ఇంటర్న్‌కు అలాంటి రెండో జత కళ్లు తోడుండి ఉంటే రక్షణ పొందేది లిబ్బీ ఒక్కతే కాదు, ఆ డాక్టరు కూడా.

అంతదాకా ఇంటివారి చేతిలో ఉన్నది కొంత ఉంది. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మందుల డబ్బా మొత్తం తీసుకెళ్లండి. అత్తమ్మగారిని ఏమేం వాడుతున్నారని డాక్టరు అడిగితే, బీపీకి ఒకటి, షుగరుకు ఒకటి అని ఆవిడ అక్కడితో ఆపేస్తారు. మనసు బాగోలేక వాడే మాత్ర సంగతి నలుగురి ముందు చెప్పరు, కోడలూ చెప్పదు. నిద్రమాత్ర, నాటుమందు, పక్కింటావిడ ఇచ్చిన నొప్పిగోలీ, సొంతంగా కొన్న దగ్గుమందు, అన్నీ చెప్పాలి. మద్యం, ఇతర మత్తు అలవాట్లు ఉంటే అవీ చెప్పాలి, కుర్రవాడి పరువు పోతుందని దాచకూడదు. కొత్త మందు మొదలయ్యాక మనిషి తేడాగా ఉంటే జబ్బే అనుకోకుండా, ఈ మందు వల్లనేమో చూడండి అని నోరు తెరిచి అడగాలి. మందు వికటించిందని అనుమానం వస్తే రోగులే నేరుగా చెప్పుకునే జాతీయ టోల్‌ఫ్రీ నంబరు కూడా ఉంది: 1800-180-3024.

ఆపేసిన మందుల పేర్లు కూడా చెప్పాలి. ఫినెల్జిన్ ఎంజైమును శాశ్వతంగా పట్టేసుకుంటుంది. శరీరం కొత్త ఎంజైమును తయారుచేసుకోవాలి, అందుకు రెండు వారాలు పడుతుంది. ఫ్లూఆక్సెటిన్ అయితే మానేశాక కూడా అయిదు వారాల దాకా ఒంట్లో దాని ప్రభావం ఉంటుంది. మాత్రల పట్టీ చెత్తబుట్టలో పడేసిన నెలకు కూడా, ఆ మాత్ర పేరు కేస్ షీటులో ఉండి తీరాలి.